అమ్మవారి పేరున మన అప్పులు

"లెక్కలు చూసుకునేవాడికి భక్తెక్కడిది?" ఖరగ్‌పూర్ మలంచాలో ఈ మాట వినపడని తెలుగిల్లు ఉండదు. వేసవిలో మాతా పూజ చందా పుస్తకం గుమ్మం ముందుకు వచ్చినప్పుడు వినిపిస్తుంది. పెళ్లి భోజనాల్లో నాలుగు ఐటెములు తగ్గిద్దామని ఇంట్లో ఎవరైనా నోరు తెరిస్తే వినిపిస్తుంది. సత్యనారాయణ వ్రతానికి షామియానా ఎందుకండీ అని అడిగినా ఇదే జవాబు. దాని వెనకాలే రెండో మాట వస్తుంది: మన తాతలు లేక పొదుపు చేశారు, ఇప్పుడు చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి, అమ్మవారికి ఘనంగా చెయ్యకపోతే ఈ సంపాదన దేనికి?

ఈ మాటలు అనేవాళ్లు పరాయివాళ్లు కారు. పక్కింట్లో ఎవరైనా పోతే అందరికంటే ముందు పరిగెత్తే మనుషులు. అందుకే వీళ్ల వాదాన్ని నవ్వి వదిలెయ్యడం కుదరదు. ఇది తప్పుడు వాదం, పైగా చాలా కాపురాలను లోలోపల గుల్ల చేసిన వాదం అని నా అభిప్రాయం.

ముందు తాతల సంగతి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో కార్ఖానా పెట్టాక, అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి మనవాళ్లు కూలికీ, ఖలాసీ పనికీ వచ్చారు. వాళ్లు లేమి వల్ల పొదుపరులయ్యారన్నది మనం హాయిగా చెప్పుకునే కథ. ఆ కాలం కాగితాలు ఇంకోలా చెబుతాయి. జె.హెచ్. విట్లీ అధ్యక్షతన వేసిన రాయల్ కమిషన్ ఆన్ లేబర్ 1931లో ఇచ్చిన నివేదికలో కార్మికుల అప్పుల గురించి విడిగా రాశారు. రూపాయికి నెలకు అణా వడ్డీ ఆనాడు మామూలు ధర. అంటే ఏడాదికి 75 శాతం. అంత వడ్డీకి అప్పు చేసిన కారణాల్లో పెళ్లిళ్లూ పండుగలూ ఉన్నాయి. జీతం రోజున గేటు దగ్గర వడ్డీకిచ్చిన కాబూలీవాలా కర్ర పట్టుకుని కూచునేవాడని మన పెద్దవాళ్లు చెప్పే కథలు ఆ నివేదికకు దూరమేమీ కావు.

అంటే లేమి మనిషికి పొదుపు నేర్పదు, అప్పు నేర్పుతుంది. ఆ జీతంలోనే, ఆ గదిలోనే, అప్పుల జోలికి పోకుండా పిల్లల్ని చదివించిన ఇళ్లు కూడా ఉన్నాయి కదా? రెండు ఇళ్లకూ డబ్బు ఒకటే, తేడా నిర్ణయంలో ఉంది. ఒక మనిషి ఆలోచించి, పళ్లు బిగించి, పండక్కి కొత్త బట్ట మానుకుని చేసిన పనిని "పాపం, లేక చేశాడు" అని కొట్టిపారెయ్యడం ఆ మనిషికి చేసే అవమానం. మనం తాతల ఫొటోకి దండ వేస్తాం, వాళ్ల తెలివిని మాత్రం దరిద్రం ఖాతాలో రాసేస్తాం.

ఇంకొకటి కూడా గుర్తు చెయ్యాలి. 1927లో ఇదే కార్ఖానాలో ఉద్యోగాల కోత మీద సమ్మె నడిచింది. ఆ రైల్వే కార్మికుల వైపు నిలబడ్డ వి.వి. గిరి తర్వాత 1969లో రాష్ట్రపతి అయ్యారని మనం గొప్పగా చెప్పుకుంటాం. 1974 మే 8 నుంచి 27 దాకా దేశమంతా రైల్వే సమ్మె జరిగింది. సమ్మెలో జీతం రాదు. జీతం రానప్పుడు ఎవడు నిలబడగలడు? ఇంట్లో మూడు నెలల బియ్యం ఉన్నవాడు, బయట ఎవడికీ బాకీ లేనివాడు. వడ్డీ కట్టాల్సినవాడు ఎంత ధైర్యస్థుడైనా రెండో వారానికి మెత్తబడతాడు. ఆడంబరం లేని ఇల్లు వెన్నెముక ఉన్న ఇల్లు కూడా అవుతుందని చరిత్ర చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

సరే, భక్తి దగ్గరికి వద్దాం. అమ్మవారికి ఘనంగా చెయ్యాలంటారు. అమ్మవారు అడిగేదేమిటో మన ఊళ్ల నుంచి వచ్చిన ఆచారంలోనే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు గ్రామదేవతకి పెట్టేది చద్ది నైవేద్యం. చల్లారిన అన్నం, పెరుగు, ఉల్లిపాయ. చలివిడి, పానకం. పసుపు నీళ్లు, వేపాకు. ఎండాకాలం, మశూచి కాలం, అమ్మ ఒళ్లు చల్లబడాలని చల్లటివి పెట్టేవాళ్లు. ఇందులో ఏది కొనుక్కునే సరుకు? ఏ కూలివాడి ఇంట్లో అయినా ఉండే సరుకు. ఘటం ఊరేగింపు చూడండి: పసుపు రాసిన కుండ, చుట్టూ వేప మండలు, నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి తారు రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడుస్తుంది, గుమ్మాల దగ్గర వాళ్లు ఎదురొచ్చి ఆమె కాళ్ల మీద బిందెడు నీళ్లు పోస్తారు. తడిసిన పాదాలకు పసుపు అంటుకుని మసక పచ్చగా ఉంటాయి. ఆ మొత్తం కార్యానికి అయ్యే ఖర్చు ఒక పూట కూరగాయల ఖర్చు. పూజ అంటే అదే. మిగతాదంతా, ఆమె వెనకాల ట్రక్కు మీద పేర్చిన డీజే బాక్సులూ, జనరేటరూ, వీధి మొదట్లో వెలిగే లైట్ల గేటూ, అమ్మవారు అడిగింది కాదు. ఆ బాక్సుల మోతకి ఘటం ఎత్తిన మనిషి పక్కనున్న డప్పు ఆమెకే వినపడదు.

ఇక్కడ కొందరు అంటారు: బెంగాల్‌లో ఉంటూ దుర్గా పూజ పండాళ్ల ముందు మనం వెలవెలబోవాలా? ఈ పోలికే మనల్ని ముంచింది. కోల్‌కతా దుర్గా పూజకి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో పూజా కమిటీకి ఇచ్చే సాయం 2018లో 10,000 రూపాయలు ఉండేది, 2024కి 85,000 అయింది. పెద్ద పండాళ్లకి కంపెనీల హోర్డింగులుంటాయి. మన మాతా పూజకి హోర్డింగూ లేదు, గ్రాంటూ లేదు. ఉన్నది ఒక ఫిట్టరు జేబు, ఒక రిటైరైన గ్యాంగ్‌మన్ పింఛను, ఒక టోటో బ్యాటరీ రిక్షా నడిపేవాడి గల్లా. దొర ఖర్చుని కూలివాడి జేబులోంచి చెయ్యాలని చూడటం పోటీ కూడా కాదు.

దీనికి ఎదురుగా ఒక గట్టి వాదం ఉంది, దాన్ని దాటవెయ్యను. ఖర్చు పెడితేనే కదండీ నలుగురికి పని? దుర్గా పూజ చుట్టూ నడిచే వ్యాపారం విలువ 2019లో 32,377 కోట్ల రూపాయలని, రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 2.58 శాతమని బ్రిటిష్ కౌన్సిల్ చేయించిన అధ్యయనం లెక్కగట్టింది. అందులో మన ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లూ పాలుపంచుకున్నారు. షామియానా వేసేవాడు, విగ్రహం చేసేవాడు, పూలమ్మేవాడు, డప్పు కొట్టేవాడు, అందరూ దీని మీదే బతుకుతారు, నిజం. కానీ ఆ లెక్కలో చేతులు మారిన డబ్బే ఉంటుంది. ఆ డబ్బు ఎవరి జీతంలోంచి వచ్చింది, ఎవరి పుస్తెల తాడు తాకట్టులోంచి వచ్చింది అన్న కాలమ్ ఏ అధ్యయనంలోనూ ఉండదు.

పోనీ, నిజంగా నలుగురికి పని ఇవ్వాలనే ఈ ఖర్చు చేస్తున్నామా? బేరం ఎక్కడ ఆడతామో చూస్తే తెలిసిపోతుంది. డీజే వాడు చెప్పిన రేటుకి తలూపుతాం, వాడు పెద్దవాడు, అడ్వాన్సు పట్టుకుని కూచుంటాడు. డప్పు వాయించే నలుగురితో మాత్రం అరగంట బేరం. "అమ్మవారి పని కదా, కాస్త తగ్గించుకోండి" అంటాం. పొద్దున్నుంచి రాత్రి దాకా ఎండలో వాయించినవాడికి ఆఖర్న ఇచ్చేది ఒక టవలూ, చేతిలో కుక్కిన కొన్ని నోట్లూ. గోల్ బజార్‌లో కూరలమ్మే ముసలమ్మ దగ్గర రెండు రూపాయలకి గీచి గీచి బేరమాడి, అదే సాయంత్రం పూజలో పేరు మైకులో చదివించుకోవడానికి వెయ్యి నూట పదహార్లు రాయించే పెద్దమనుషులు మన వీధిలోనే ఉన్నారు. వీళ్లే నన్ను పిసినారి అంటారు! ఎదుటివాడి కూలి దగ్గర కోసి సొంత పేరు దగ్గర పోసేదాన్ని ఏ మతమూ దానం అనలేదు.

నేను చెబుతున్న పొదుపు దీనికి సరిగ్గా తలకిందులు. మన మీద పెట్టుకునేది తగ్గాలి, ఎదుటివాడికి ఇవ్వాల్సింది తగ్గకూడదు. దేవుడి పేరు చెప్పి పనిమనిషి జీతం కోసేవాడికీ, బ్యాంకులో లక్షలుండి సొంత చెల్లెలి ఆస్పత్రి ఖర్చుకి చెయ్యి విదల్చనివాడికీ ఈ వ్యాసంలో చోటు లేదు. వాళ్లని వెనకేసుకు రావడానికి నేను రాయడం లేదు.

మా వీధిలో ఒకావిడ ఉంది. భర్త వ్యాగన్ షాపులో చేసి రిటైరయ్యాడు. వంటింటి గోడకి రైల్వే కేలండర్ వేలాడుతుంది, దాని వెనకపక్క పెన్సిలుతో నెల లెక్క రాస్తుంది: పాలు, బియ్యం, గ్యాసు, మందులు. ప్రతి శుక్రవారం ఎదురుగా "చే" అని చిన్న అక్షరం. అడిగితే చెప్పింది. శుక్రవారం అమ్మవారి పేరు చెప్పి నీచు తినరు, ఆ రోజు కొనని చేప ఖరీదు స్టీలు డబ్బాలో పడుతుంది. చేప మిగిలినట్టు లెక్క, అందుకే "చే". ఆ డబ్బా డబ్బు గుడికి పోదు. మొన్న ఏడాది పక్క సందులో టోటో నడిపే అతని కూతురికి పరీక్ష ఫీజు అందులోంచే కట్టింది. కమిటీవాళ్లు చందాకి వస్తే తన మామూలు వంద ఇస్తుంది, ఎక్కువ రాయమంటే రాయించదు. వీధిలో ఆమెకి పిసినారి అని పేరు.

మనలో మిగతావాళ్ల ఉపవాసం ఎలా ఉందో ఒకసారి తల్చుకోండి. అన్నం మానేసిన రోజున సగ్గుబియ్యం, జీడిపప్పు, రెండు రకాల పళ్లు, సాయంత్రం బయట నుంచి తెప్పించిన ఉపవాసపు పలహారం. ఉపవాసం రోజు ఖర్చు మామూలు రోజు కంటే ఎక్కువ. ఈ చమత్కారం మన తరం కనిపెట్టిందే. వెనకటివాళ్ల పద్ధతి వేరు. తెలుగు చర్చిల్లో ఆడవాళ్లు వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా పిడికెడు తీసి పక్కన పెట్టి ఆదివారం కానుకగా తీసుకెళ్లేవాళ్లు. బెంగాలీ ఇళ్లలోనూ ముష్టి భిక్ష ఉండేది. ఎసట్లో పడాల్సిన గింజలోంచి తీసింది కాబట్టి ఆ పూట ఆ ఇంట్లో ఎవరో ఒక ముద్ద తక్కువ తిన్నారు. విశ్వాసం వంటింట్లోకి వచ్చిందంటే ఇలా వస్తుంది.

పురాణాలు తెచ్చేవాళ్లు కూడా ఉన్నారు. "వెంకటేశ్వర స్వామే కుబేరుడి దగ్గర అప్పు చేసి పెళ్లి చేసుకున్నాడు, మనమెంత?" మలంచాలో బాలాజీ గుడి ఉంది కాబట్టి ఈ మాటకి గిరాకీ ఎక్కువ. కథని సగంలో ఆపితే అలాగే ఉంటుంది. మిగతా సగం అందరికీ తెలుసు: ఆ అప్పు ఇంకా తీరలేదు, కలియుగం అయిపోయేదాకా ఆయన వడ్డీ కడుతూనే ఉంటాడు, అందుకే వడ్డికాసులవాడయ్యాడు. పెళ్లికి అప్పు చెయ్యొద్దని చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ దేవుడు కూడా ఇవ్వలేడు. పైగా ఆయనకి హుండీ ఉంది. మనకి క్రెడిట్ సొసైటీ రికవరీ ఉంది.

రామదాసుని తెచ్చేవాళ్లకి ఇంకొంచెం జాగ్రత్తగా జవాబు చెప్పాలి. పాల్వంచ పరగణా తహశీల్దారు కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ము వెచ్చించి భద్రాచలంలో గుడి కట్టించాడు, నగలు చేయించాడు. తానీషా ఆయన్ని గోల్కొండ చెరసాలలో పెట్టాడు, 12 ఏళ్లు అంటారు. చూశారా, భక్తుడు లెక్క చూసుకోలేదు అంటారు మనవాళ్లు. లెక్క చూసుకోలేదని ఎవరన్నారు? "ఇక్ష్వాకు కులతిలక" కీర్తన తెలిసినవాళ్లకి తెలుసు, ఏ నగకి ఎంత పట్టిందో ఒక్కొక్కటీ పేరు పెట్టి రాముడికే వినిపిస్తాడాయన. అంత కచ్చితమైన పద్దు ఏ కమిటీ కోశాధికారీ చదవలేదు. ఆ తర్వాత బాకీకి జవాబుదారీ తనే అయ్యాడు, దెబ్బలు తనే తిన్నాడు. భార్య మెడలో గొలుసు కుదువ పెట్టి, తీర్చే పని కొడుకు జీతానికి వదిలేసి, తాను మాత్రం స్టేజీ మీద శాలువా కప్పించుకునేవాడికి రామదాసు పేరు ఎత్తే హక్కు ఎక్కడిది?

మన జిల్లాలోనే వెతికితే ఇంకా దగ్గరి మనిషి దొరుకుతాడు. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1820లో పుట్టిన వీర్‌సింహ గ్రామం ఇప్పటి పశ్చిమ మేదినీపూర్‌లో ఉంది. కలకత్తా సంస్కృత కళాశాలకి ప్రిన్సిపాలైనా ముతక ధోవతి, పైన ఉత్తరీయం, కాళ్లకి మామూలు చెప్పులు, అంతే. దొరల ముందుకీ అలాగే వెళ్లాడు. వెర్సాయ్‌లో అప్పుల్లో కూరుకుపోయిన కవి మైకేల్ మధుసూదన్ దత్తుకి ఇక్కడి నుంచి డబ్బు పంపించి బయటపడేసింది ఆయనే. ఒకడు దొరబాబులా బతకాలని అప్పు చేశాడు, ఇంకొకడు ముతక బట్ట కట్టి ఆ అప్పు తీర్చాడు. విద్యాసాగర్ కూడా అప్పులపాలయ్యాడు, దాచను. వితంతు వివాహాలు దగ్గరుండి చేయిస్తూ, ఆ ఖర్చు తన నెత్తిన వేసుకుని మునిగాడు. తన ఇంటి దర్జా కోసం మాత్రం పైసా అప్పు చెయ్యలేదు. ఆయన దేవుణ్ని ఎంత నమ్మాడో ఇప్పటికీ పండితులు తేల్చలేకపోయారు. ఆయన ధర్మం ఏమిటో మాత్రం ఎవరికీ అనుమానం లేదు, ఖర్చు చూస్తే తెలుస్తుంది. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించిన కందుకూరి వీరేశలింగాన్ని దక్షిణ దేశపు విద్యాసాగరుడు అన్నది ఊరికే కాదు.

ఇక మిగిలింది మర్యాదగా కనిపించే వాదం: "భక్తి మనసుకి సంబంధించింది, దాంట్లోకి డబ్బు లెక్కలు తేవద్దు." ఇదే మనిషి పూజ ఎంత ఘనంగా జరిగిందో చెప్పేటప్పుడు ఎన్ని లక్షలైందో చెబుతాడు. డబ్బు ఎక్కువైతే భక్తికి కొలమానం, తక్కువ చేద్దామంటే మనసుకి సంబంధించిన విషయం! రెండు నాలుకల వాదం ఇది. మనసులో ఏముందో నాకూ తెలియదు, ఆయనకీ తెలియదు. నెలాఖరున ఎవరికి ఎంత ఇచ్చామో, ఎవరికి ఎంత ఎగ్గొట్టామో తెలుస్తుంది. నమ్మకాన్ని అక్కడ చూడకపోతే ఇంకెక్కడ చూడాలి?

మన దగ్గర ఆడంబరానికి సర్కారీ ముద్ర కూడా ఉండేది. ప్రావిడెంట్ ఫండ్ నియమాల్లో నిశ్చితార్థం, పెళ్లి, అంత్యక్రియలు, ఇతర కార్యాలకి ఆచారం ప్రకారం తప్పని ఖర్చు కోసం, హోదాకు తగ్గ స్థాయిలో, డబ్బు తీసుకోవచ్చని రాసి ఉండేది. హోదాకి తగ్గది ఎంత? ఆ అంకె నియమంలో ఉండేది కాదు, పక్కింటివాడు పెట్టిన ఖర్చులో ఉండేది. పాత తరంవాళ్లు ఇలా పీఎఫ్ తీసి పెళ్లిళ్లు చేశారు, తర్వాత పింఛను ఆసరాతో గట్టెక్కారు. 2004 జనవరి 1 నుంచి చేరినవాళ్లు కొత్త పింఛను పథకం కిందికి వెళ్లారు, వాళ్లకి ఆ పాత పీఎఫ్ ఆసరా లేదు. మనవలు ఎంతోమంది కాంట్రాక్టు పనుల్లో ఉన్నారు. దసరా ముందు వచ్చే 78 రోజుల బోనస్ చూస్తే, సీలింగు వల్ల గరిష్ఠంగా 17,951 రూపాయలు. అదీ పర్మినెంటు వాళ్లకి. తాత హోదాని మనవడి ఈఎంఐ మీద నిలబెట్టాలని చూస్తున్నాం.

అమ్మవారి పూజ మానమని నేను అనలేదు, అనను. ఈ ఊళ్లో తెలుగు మాట్లాడే పిల్లలు తెలుగు పాట వినేది ఆ నాలుగు రోజులే. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాషల్లో చోటిచ్చింది, సంతోషం. కానీ ఇక్కడ మన భాషని ఇన్నేళ్లు మోసింది ఘటం ఎత్తిన ఆడవాళ్లు. ఆ ఘటం ఉండాలి, డప్పు ఉండాలి, చద్ది నైవేద్యం ఉండాలి. వాటికి చందా పుస్తకంలో రెండు పేజీలు చాలు.

వచ్చే వేసవికి కమిటీలో కూచోబోయేవాళ్లకి నా విన్నపం. డప్పువాళ్ల కూలి మొట్టమొదట రాయండి, బేరం లేకుండా, పని అయిన రోజునే చేతికివ్వండి. జమాఖర్చు తెలుగులో రాసి గుడి గోడకి అంటించండి. డీజే పద్దు కొట్టెయ్యండి. మైకులో దాతల పేర్లు చదవకండి. ఏ ఇంట్లోనైనా "వచ్చే నెల జీతం రాగానే ఇస్తాం", "ఎక్కడైనా సర్ది ఇస్తాం" అంటే, పుస్తకం మూసి, దణ్ణం పెట్టి, ఆ ఇంటి పేరు ఎదురుగా చెల్లు అని రాసి వచ్చెయ్యండి.